రాజీనామా అంటే ఏంది సారూ?

లక్ష్మీదేవమ్మత్త చెయ్యి మిషన్లో పోయిన రోజు మిల్లు ఆగింది పదకొండు నిమిషాలే. నేను గోడ గడియారం చూసినాను కాబట్టి చెబుతున్నాను. ఆమెను ఆటోలో వేసి కర్నూలు పెద్దాసుపత్రికి పంపినాక, గుమస్తా ఉమామహేశ్వర మా మధ్యలో నిలబడి, "నెత్తురంటిన దూది ఏరి పక్కనెయ్యండమ్మా, మచ్చ పడితే సరుకు వాపసు వస్తాది" అన్నాడు. మేం ఏరినాం. నేనూ ఏరినాను. మచ్చ లేనిది మళ్ళీ మిషన్లోకి పోయింది.

ఆ దూది ఎవరి ఒంటిమీద గుడ్డ అయిందో నాకు తెలియదు. ఏరిన నా చేతులు మాత్రం నాకు గుర్తున్నాయి. వాటిని కడుక్కోవడానికి ఈ కథ రాయడం లేదు. పగ చల్లారకుండా ఉండడానికి రాస్తున్నాను.

నా పేరు మహిమ. కోడుమూరు దగ్గర పల్లె. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటి మనిషిని నేను. ఆ సర్టిఫికెట్టును మా నాయన ప్లాస్టిక్ కవరులో పెట్టి బైబిలు పక్కన దాచినాడు. ఉద్యోగం రాలేదు. కానిస్టేబులు పరీక్షకు చదువుకుంటూ, పత్తి సీజన్లో కల్లూరు అంచున ఉండే జిన్నింగు మిల్లుకు కూలికి పోయేదాన్ని. మా పల్లె నుంచి నలభై మూడు మంది ఆడోళ్ళం షేరు ఆటోల్లో ఒకరి ఒళ్ళో ఒకరం కూర్చొని పోయేవాళ్ళం. మిషన్లో పత్తి పోయడం, గింజలు ఎత్తడం, ఇరుక్కున్న పత్తిని చేత్తో లాగడం మా పని.

మిషను పక్కన తిరిగే బెల్టు మీద ముందు ఒక ఇనుప జాలీ ఉండేది. పత్తి ఇరుక్కున్నప్పుడల్లా మరలు విప్పి జాలీ తీయాలి, మళ్ళీ బిగించాలి. టైము దండగ అని ఓనరు హర్షవర్ధన్ రెడ్డి దాన్ని పీకించినాడు. వాళ్ళ నాయన్ని పెద్దరెడ్డి అనేవాళ్ళు కాబట్టి ఈయన్ని మేం చిన్నరెడ్డి అంటాం. పీకిన జాలీని పారేయలేదు. ఆఫీసు ముందర సపోటా మొక్క నాటించినాడు. మేకలు తినకుండా దాని చుట్టూ ఆ జాలీనే గుండ్రంగా వంచి కట్టించినాడు.

లక్ష్మీదేవమ్మత్త కొంగు ఆ బెల్టులో చిక్కింది. కొంగు వెనక చెయ్యి పోయింది. స్విచ్చి షెడ్డు ఆ చివర ఉంది.

"ఆపండి! ఆపండిరా!" అని మాలో పెద్దదైన గురమ్మవ్వ అరిచిన అరుపు ఆ చివరికి చేరేసరికి, ఆపడానికి ఏమీ మిగల్లేదు.

మోచేతి పైదాకా కుడి చెయ్యి తీసేసినారు. పదో రోజు నేను ఆసుపత్రికి పోయినప్పుడు ఉమామహేశ్వర కూడా వచ్చినాడు. ఒక చేతిలో బ్రెడ్డు పొట్లం, ఇంకో చేతిలో స్టాంపు కాయితం.

"ఏమ్మా లక్ష్మీదేవమ్మా, ఎట్లుండాది?"

"ఉండాదయ్యా. లేని చెయ్యే నొప్పి పెడతాండాది."

"చూడమ్మా, నువ్వింగ పనికి రాలేవు. రిజిస్టర్లో నీ పేరు అట్లనే ఉంటే రేప్పొద్దున ఆఫీసరోళ్ళు నన్ను పట్టుకుంటారు. రాజీనామా ఇచ్చేయ్. చిన్నరెడ్డి నీ మందులకని ఈ కవరు గూడా పంపినాడు. మంచోడు కాబట్టి పంపినాడు. వేరేవాళ్ళయితే పంపుతారా?"

అత్త నా వైపు తిరిగింది. "మయిమా, నువ్వు సదువుకున్నదానివి. ఒకసారి చూడు పాపా."

నేను చూసినాను. పైన తెలుగులో పెద్ద అక్షరాలు: రాజీనామా. కింద అంతా ఇంగ్లీషు, చీమల బారు. నాది తెలుగు మీడియం బీకాం. మూడు లైన్లు చదివినాను. ఫుల్, ఫైనల్ అనే రెండు మాటలు తప్ప తలకెక్కలేదు. ఆఖరి కూలి గురించి కాబోలు అనుకున్నాను. నాకు అర్థం కాలేదని చెప్పొచ్చు. చెప్పలేదు. పక్క మంచాలోళ్ళు డిగ్రీ చదివిన పిల్ల అని నన్నే చూస్తున్నారు.

"పని మానుకుంటున్నానని కాయితం అత్తా," అన్నాను.

అత్త మిగిలిన చేతి బొటనవేలు ఇచ్చింది. గుమస్తా ఇంకు పూసి ఒత్తించినాడు.

"నువ్వు గూడా పెట్టు పాపా, సాక్షి సంతకం. చదివి చెప్పినావని. పేరు పక్కన బీకాం అని గూడా రాయి. గౌరవంగా ఉంటాది."

రాసినాను. అక్షరాలు కుదురుగా వచ్చినాయి కూడా.

*

నాలుగు నెలల తర్వాత అత్త కోర్టుకు పోయింది. దావా వేసింది కర్నూల్లో కూలోళ్ళ కేసులు చూసే అడ్వకేట్ అరుణజ్యోతి. ఫీజు మాట ఎత్తని మనిషి. ఎండాకాలంలో మిల్లు తరఫు జవాబు వచ్చింది. అది చదవడానికి మమ్మల్ని కోర్టు దగ్గరికి పిలిపించింది. అత్త, నేను, గురమ్మవ్వ పోయినాం.

అరుణజ్యోతి కాయితం తిప్పి నాకు చూపించింది. ఆసుపత్రిలో ఒత్తిన అదే బొటనవేలు. పక్కన నా కుదురైన అక్షరాలు.

"ఈ సంతకం నీదేనా మహిమా?"

"నాదే మేడం. అత్త పని మానుకున్న కాయితం."

ఆమె కాయితాన్ని మళ్ళీ తన వైపు తిప్పుకుంది. తర్వాత ఆ చీమల బారును ఒక్కో లైను తెలుగులో చెప్పింది. నాకు జరిగిన నష్టానికి పరిహారం పూర్తిగా ముట్టింది. ఇకమీదట మిల్లు మీద ఏ దావా వేయను. ప్రమాదం నా అజాగ్రత్త వల్లనే జరిగింది. ఈ సంగతులన్నీ నాకు చదివి వినిపించగా, అర్థం చేసుకొని, నా ఇష్టపూర్తిగా వేలిముద్ర వేశాను.

"ఇది రాజీనామా గదా మేడం!" అన్నాను.

"రాజీనామానే. అదే వాళ్ళు చెప్పేది కూడా."

కోర్టు గోడ పక్కన గొడుగు కింద టైపు మిషను పెట్టుకొని, యాభై ఏండ్లుగా జనాలకు అర్జీలు కొట్టే మౌలాలి సాబు అరుణజ్యోతికి కాయితాలు ఇవ్వడానికి వచ్చి అంతా విన్నాడు. ఆయన నా ముఖం చూసి నవ్వలేదు.

"రాజీ అంటే ఒప్పుకునేది బేటీ. నామా అంటే కాయితం. రెండూ మా ఉర్దూ మాటలే. తగాదా తెగిందని రెండు పక్షాలూ రాసుకునేది రాజీనామా. మీ తెలుగోళ్ళు తీసకపోయి నౌకరీ ఇడిసే కాయితానికి పెట్టుకున్నారు. కోర్టు మాత్రం పాత అర్థం ఇడిసిపెట్టలే. గుమస్తాకి రెండూ ఎరుకే. అందుకే ఒక అర్థం మీకు చెప్పినాడు, ఇంకో అర్థం కోర్టుకు చెప్పినాడు."

"మాటలకు గూడా రెండు నాలికలు ఉంటాయా సాబూ?" అనింది గురమ్మవ్వ.

"ఉంటాయమ్మా. ముద్దాయి అంటే ఎవరు?"

"తప్పు చేసినోడు. బోనులో నిలబడేటోడు."

"ఉర్దూలో ముద్దాయి అంటే దావా వేసినోడు. అన్యాయం జరిగిందని కోర్టుకొచ్చినోడు. ఈ గడప దాటేసరికి అడిగినోడే దొంగ అయినాడు చూడు!"

అరుణజ్యోతి నా వైపు తిరిగింది. "చదువు రాని మనిషి వేలిముద్ర వేసిన కాయితం కోర్టులో పెడితే, చదివి అర్థం చెప్పే వేయించుకున్నాం అని రుజువు చేసే బరువు పెట్టినవాళ్ళ మీదే ఉంటుంది. దాన్ని రుజువు భారం అంటారు. ఆ బరువు చిన్నరెడ్డి మోయాలి. అందుకే నీతో బీకాం అని రాయించినారు. వాళ్ళ బరువు నీ భుజం మీదికి దించినారు."

నేను ఏడ్చినాను. లక్ష్మీదేవమ్మత్త చూస్తా ఉండింది. దగ్గరికి రాలేదు, పోనీలే అనలేదు.

"నీ ఏడుపు నేనేం చేసుకోను పాపా?" అనింది. "నా చెయ్యి వాడు తిన్యాడు. నా నోరు నువ్వు కట్టేస్తివి. ఆ సంతకం ఎట్ల ఎనక్కి తెస్తావో తే."

*

ఆ ఆదివారం మా పేటలో చర్చి ముందర జాగాలో అందరూ కూడినారు. నేను నిలబడి చెప్పినాను. ఏం చదివినానో, ఏం చదవలేకపోయినానో, ఎందుకు చెప్పలేదో. మా నాయన తల దించుకొని లేచి పోయినాడు.

"ఓయమ్మ! డిగ్రీ చదివి గూడా ఇంతేనా?" అని ఒకామె.

"మనమైతే సదువు రాదని ఊరకుంటాం. ఇది వచ్చని ముంచింది," అని ఇంకొకామె.

"వాడిచ్చిన బ్రెడ్డు తిన్యావేమే?" అని వెనకనుంచి.

గురమ్మవ్వ లేచింది. "ఇంగ సాలు. దాన్ని తిట్టి మీరు కడుపు నింపుకుంటాంటే చిన్నరెడ్డి ఈడికొచ్చి టీ పోయిస్తాడు మనకి. ఆ మొక్క సుట్టూ జాలీ కడతాంటే నువ్వు సూల్లేదా? నేను సూసినా. నీళ్ళు గూడా పోసినా ఆ మొక్కకి. మనం నోరు తెరిచినామా? మనమందరం సంతకాలు పెట్టినోళ్ళమే. ఇది ఇంకుతో పెట్టె, మనం ఊరకుండి పెడితిమి."

గురమ్మవ్వ నన్ను చేత్తో పిలిచింది.

"మయిమా, ఇట్ల రా. ఆ కోర్టు మాటలన్నీ మాకు జెప్పు. ఒక్కటి గూడా వాళ్ళ అర్థం కాదు, మనకు తగిలే అర్థం. ఇంగోసారి ఏ మాటా మనల్ని మోసం చేయగూడదు."

అట్లా ఆదివారాలు మొదలైనాయి. నేను వారమంతా అరుణజ్యోతి దగ్గర నేర్చుకొని వచ్చి చెప్పేదాన్ని. అర్థం కాకపోతే అర్థం కాలేదని అడగడం ముందు నేర్చుకున్నాను. చదువులో నేను తప్పిన పాఠం అదొక్కటే.

"వాది అంటే ఎవరు?"

"దెబ్బ తిన్నోళ్ళు."

"కాదు. మనమందరం తిన్నోళ్ళమే. నోరు తెరిచి అడిగినోళ్ళు వాది. వాళ్ళకి జవాబు చెప్పాల్సినోడు ప్రతివాది."

"అయితే ఇన్నాళ్ళూ చిన్నరెడ్డి వాదే. పొద్దుగాల్నుంచి అడుగుడే వానిది. లేటెందుకు, కూచున్యావెందుకు, ఉచ్చకి పోతివెందుకు!"

నవ్వులు. ఒక ముసలామెకు నవ్వి నవ్వి దగ్గొచ్చింది.

"నిర్లక్ష్యం?"

"ఇస్కూల్లో పిల్లోళ్ళు చేసేది."

"మనిషికి దెబ్బ తగులుతుందని తెలిసీ, చేయాల్సిన పని చేయకపోవడం."

"అంటే జాలీ."

"జాలీనే. అత్త కొంగు జారిందని, అది ఆమె నిర్లక్ష్యమని వాళ్ళు రాసినారు. జాలీ ఉంటే కొంగు జారినా చెయ్యి పోయేదా? ఈ ప్రశ్న కోర్టులో అడిగితే ఏం చెబుతారు?"

"మొక్కనడగమంటారు!" అనింది గురమ్మవ్వ.

ఆ మొక్కను, దాని చుట్టూ జాలీని, జాలీ మీద మిషను నంబరు కొట్టిన రేకును నేను అప్పటికే ఫోనులో ఫోటోలు తీసినాను. మొక్కకు కాపలా ఉండాది, మనిషికి లేదు. అత్త ఆ ఫోటో చూసి, "ఆ సెట్టు కాయ కాస్తే నాకు సెప్పండి. ఒక కాయ వాని నోట్లో నేనే కుక్కుతా, ఈ ఎడం చేత్తో," అనింది.

ఒక సాయంత్రం ఉమామహేశ్వర మా ఇంటికే వచ్చినాడు. మా నాయన కుర్చీ వేసినాడు. నేను నిలబడినాను.

"పాపా, కోర్టులో అడ్డం తిరుగుతావంట గదా. చదివి చెప్పినానని సంతకం పెట్టి, చెప్పలేదంటే దొంగసాక్ష్యం అంటారు. నీ మింద కేసు ఐతాది. కానిస్టేబులు పరీక్ష రాస్తాండావంట. కేసున్నోళ్ళకి ఖాకీ గుడ్డలిస్తారా?"

"అన్నా, రాజీనామా అంటే అప్పుడు నువ్వు ఏం చెప్పినావు?"

"రాజీ కాయితమనే చెప్పినా. కోర్టులో గూడా అదే చెప్తా. నీకు వినపడకపోతే నేనేం చేసేది?"

ఆయన పోయినాక మా నాయన చాలాసేపు ఆ కుర్చీ వైపే చూసినాడు. తర్వాత దాన్ని ఎత్తి వాకిట్లో పెట్టి, నీళ్ళు పోసి కడిగినాడు.

ఈ మాట చెబితే అరుణజ్యోతి పెన్ను టేబులు మీద పెట్టింది. "మీ మాట ఒకటి, గుమస్తా మాట ఒకటి. నీ సంతకం ఆయన వైపు ఉంది. రాజీనామా అంటే పని మానుకోవడమే అని చిన్నరెడ్డి నోటితో, చిన్నరెడ్డి సంతకంతో ఎక్కడైనా రాసుంటే ఆ కాయితం కూలిపోతుంది. మిల్లు రికార్డులో ఎక్కడా లేదు. నేను వెతికినాను."

*

కార్తీకం పోయినాక మళ్ళీ సీజను వచ్చింది. అత్త లేదు కాబట్టి నలభై రెండు మందిమి. మొదటి వారం మామూలుగానే నడిచింది. రెండో వారం ఉమామహేశ్వర అచ్చు వేసిన కాయితాల కట్ట తెచ్చినాడు. పైన తెలుగులో రాజీనామా, కింద చీమల బారు. లక్ష్మీదేవమ్మ మాదిరి ఇంకెవరూ కోర్టుకు పోకుండా, చేతులు ఉన్నప్పుడే అందరి వేళ్ళూ ఒత్తించుకోవాలని చూసినారు.

"సోమారం లోపల అందరూ వేలేయాల. వేయనోళ్ళకి పని లేదు."

ఆ ఆదివారం చర్చి ముందర అరుపులు.

"వేయకపోతే పని పాయ. సీజను పోతే ఏడాది పాయ!"

"వేస్తే ప్రాణం పాయ!"

"ముందర వేసేసి, తర్వాత సూసుకుందాం."

"వేసేసినాక సూసుకుంటాండాది గదా లక్ష్మీదేవి, సూడు!"

అత్త లేచి నిలబడింది. "ఆ కాయితం మింద ఇంగో వేలు పడగూడదు. పడితే ఆ వేలు నేనే కొరుకుతా."

"మరేం జేద్దాం సెప్పు? రాజీనామా ఇయ్యమంటాండాడు గదా నా బట్ట!" అనింది గురమ్మవ్వ కోపంగా. "ఇచ్చేసి ఇంటికి పోదామా?"

అది తిట్టు. కానీ అన్నాక ఆమే ఆగిపోయింది. నేను ఆమె ముఖం చూసినాను. ఆమె నా ముఖం చూసింది.

"మయిమా. ఇస్తే ఏమైతాది?"

"ఏ రాజీనామా అవ్వా?"

"మనకు తెలిసిందే. వాళ్ళకు తెలీదంటాండారు గదా, తెలుస్తాదేమో సూద్దాం."

జనం ఒక్కొక్కరే అర్థం చేసుకుంటుంటే గుసగుస పెరిగి గోల అయింది. అందరం ఒక్కసారి పని మానితే చిన్నరెడ్డి ఊరుకోడు. పోలీసు దగ్గరికి పోతాడు. కాయితం రాస్తాడు. ఏమని రాస్తాడు?

అరుణజ్యోతికి ఫోన్ చేసినాను. ఆమె అంతా విని, "పని పోవచ్చు. కేసులు పడవచ్చు. చేయమని నేను చెప్పను," అనింది. తర్వాత, "నీ పరీక్ష ఎప్పుడు మహిమా?" అని అడిగింది.

"ఫిబ్రవరిలో మేడం."

"ఆలోచించుకో."

ఆలోచించుకున్నాను. నా సంతకం ఎనక్కి తెమ్మని అత్త అడిగి ఆరు నెలలైంది.

ఆ సాయంత్రం నలభై రెండు తెల్లకాయితాలు తెచ్చి, తెలుగులో, ముసలోళ్ళ కళ్ళకు కూడా ఆనేంత పెద్దగా రాసినాను: "రాజీనామా. మిల్లువారు అడిగినందున ఈ రోజు నుండి రాజీనామా ఇస్తున్నాను." అంతే. ఒక్కొక్కరికీ చదివి వినిపించినాను. ఏం రాసుందో వాళ్ళ నోటితో తిరిగి చెప్పినాకే వేలు తీసుకున్నాను. గురమ్మవ్వ నాతో నాలుగుసార్లు చదివించింది. "నీ మింద నమ్మకం లేక కాదు," అనింది. తర్వాత, "నమ్మకం లేకనే," అని వేలు ఒత్తింది. ఆఖరి కాయితం నాది. పేరు పక్కన బీకాం రాయలేదు.

*

సోమవారం తుఫాను మబ్బు. మిల్లు ఆవరణలో పత్తి కొండల మాదిరి పోసి ఉంది. వాన లోపల ఆడించాలి, లేకుంటే తడిసి పసుపెక్కుతుంది. మేం గేటు లోపలికి పోయి వరసగా నిలబడినాం. ఉమామహేశ్వర ఇంకు డబ్బా తెరిచినాడు.

"రాండి, రాండి. బిర్నా వేయండి. మబ్బు సూడండి ఎట్ల పట్టిందో."

గురమ్మవ్వ తన కాయితం ఆయన చేతిలో పెట్టింది. "మేమే రాసుకొచ్చినాం లేప్పా. నీకు శ్రమెందుకు?"

ఆయన చదివినాడు. రెండోది చదివినాడు. "ఇదేంది? యాడికి పోతాండారు? ఏయ్, అవ్వా!"

"రాజీనామా ఇచ్చినాం గదప్పా. ఇంటికి."

"అది కాదమ్మా రాజీనామా అంటే..." అని ఆగిపోయినాడు. చెబితే ఒక చిక్కు, చెప్పకపోతే ఇంకో చిక్కు.

"అంటే ఏందో సెప్పప్పా," అనింది గురమ్మవ్వ మెల్లగా. "ఇంటాం. ఆసుపత్రిలో ఏం జెప్తివో అదే సెప్పు."

మేం బయటికి వచ్చినాం. పోలేదు. గేటు ముందర కూర్చున్నాం. లక్ష్మీదేవమ్మత్త మా పల్లె నుంచి ఆటోలో వచ్చి మధ్యలో కూర్చుంది, ఖాళీ జాకెట్టు చెయ్యి గాలికి ఆడుతుంటే. చిన్నరెడ్డి కారులో వచ్చినాడు, దిగి తిట్టినాడు, ఫోన్లు చేసినాడు. పదకొండు గంటలకు ఆలూరు వైపు నుంచి లారీలో కూలోళ్ళు దిగినారు. వాళ్ళ మేస్త్రీ చిన్న ఈరన్న ముందుకొచ్చి, "జరగండమ్మా, మాకు గూడా పిల్లోళ్ళుండారు," అన్నాడు.

అత్త లేచి ఆయన ముందర నిలబడింది. "పోండి నాయనా. మేం అడ్డం రాం. బెల్టు పక్కన నిలబడేటప్పుడు మాత్రం ఎడమపక్క నిలబడండి. నేను కుడిపక్క నిలబడితి."

చిన్న ఈరన్న ఆ జాకెట్టు చెయ్యి వైపు చూసినాడు. మబ్బు వైపు చూసినాడు. వెనక్కి తిరిగి తన వాళ్ళతో, "దించిన మూటలు ఎక్కించండిరా," అన్నాడు. లారీ వెనక్కి తిరిగింది.

మధ్యాహ్నం వాన దిగింది. పట్టలు కప్పే మనుషులు లేరు. తెల్లటి పత్తి కొండలు తడిసి, కుంగి, బూడిద రంగుకు తిరిగినాయి. మేం తడుస్తూ కూర్చొని చూసినాం. పేదోళ్ళు పండించిన పంట పాడవుతుంటే బాధపడాలని చిన్నప్పటి నుంచి నేర్చుకున్నదాన్ని. ఆ పంటకు రైతులకు డబ్బు ఎప్పుడో ముట్టింది, ఇప్పుడది చిన్నరెడ్డిది. ఆ వానను నేను కడుపారా చూసినాను. ఆ దూదిలో మచ్చలు ఏరమని చెప్పేవాడు కూడా ఎవడూ లేడు.

మూడు గంటలకు పోలీసులొచ్చి అందరినీ వ్యాన్లలో ఎక్కించినారు.

*

స్టేషన్లో మమ్మల్ని నేల మీద కూర్చోబెట్టినారు. చిన్నరెడ్డికి కుర్చీ. వెనక గోడకు ఆనుకొని ఉమామహేశ్వర. చిన్నరెడ్డి తెల్లకాయితం మీద తన చేత్తో ఫిర్యాదు రాసి, సంతకం చేసి ఇచ్చినాడు. కోపంతో రాసినాడు, గుమస్తాకు చూపించలేదు. ఎస్సై దాని మీద ముద్ర కొట్టించి, కేసు నంబరు వేసి, చేతిలోకి తీసుకున్నాడు.

"మీ మీద ఏం కేసో వినండి. ఒకటో ముద్దాయి, లక్ష్మీదేవమ్మ."

అత్త నవ్వింది. చెయ్యి పోయినాక ఆమె నవ్వడం అదే చూసినాను. "అవును సారూ. ముద్దాయిని నేనే. మౌలాలి సాబునడుగు, సెప్తాడు."

"నోర్ముయ్. రెండో ముద్దాయి గురమ్మ. మూడు, మహిమ." ఫిబ్రవరి పరీక్ష అక్కడే అయిపోయింది. "పై ముద్దాయిలు, మరి నలభై మంది కుట్ర పన్ని, సీజను మధ్యలో మూకుమ్మడిగా రాజీనామా చేసి, పని మానేసి, వేరే కూలీలను బెదిరించి, నాకు తీవ్ర నష్టం కలిగించినారు."

నలభై మూడు మందిమి ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

గురమ్మవ్వ అమాయకంగా అడిగింది. "సారూ, నాకు సెవుడు. మూకుమ్మడిగా ఏం జేసినామంట?"

"రాజీనామా."

"రాజీనామా అంటే ఏంది సారూ?"

"తమాషాగా ఉందా? పని ఇడిసిపెట్టి పోవడం. ఈయనే రాసినాడు గదా ఇక్కడ, పని మానేసి అని."

"ఆయప్పనే రాసినాడా? సంతకం గూడా పెట్టినాడా?"

"పెట్టినాడు."

ముందు ఎవరు మొదలుపెట్టినారో తెలియదు. ఒక నవ్వు. దాని వెనక ఇంకొకటి. నలభై మూడు మంది ఆడోళ్ళు తడి గుడ్డలతో, వణుకుతూ, పోలీసు స్టేషను నేల మీద కూర్చొని పగలబడి నవ్వినారు. చిన్నరెడ్డి ఏంది, ఏంది అని చుట్టూ చూసినాడు. ఉమామహేశ్వరకు అర్థమైంది. ఆయన ముఖం తడిసిన పత్తి రంగుకు తిరిగింది. ముందుకు వచ్చి, "సార్, ఆ కాయితం ఒకసారి ఇస్తే మార్చి రాసి..." అన్నాడు.

"నంబరు పడింది. ఇంక మార్చేది లేదు," అన్నాడు ఎస్సై.

నేను లేచి నిలబడినాను. "సార్, ఆ కాపీ మాకు ఒకటి కావాలి. మా అడ్వకేటు వస్తుంది. మీరైనా ఇవ్వండి, కోర్టు నుంచైనా తీసుకుంటాం." అత్త నా వైపు చూసింది. క్షమించినట్టు కాదు. పనికి మనిషి దొరికింది అన్నట్టు.

దీంతో కేసు గెలిచినామని నేను చెప్పను. వాయిదాలు ఇంకా నడుస్తున్నాయి. మా మీద కేసూ నడుస్తోంది, నా కానిస్టేబులు ఉద్యోగం ఆశ కూడా పోయింది. కానీ ఇకమీదట జడ్జి ముందర ఆ మాటకు అర్థం చెప్పాల్సింది నేను కాదు, చిన్నరెడ్డి. రుజువు భారం ఎవరిదో వాళ్ళ భుజం మీదికే పోయింది.

చీకటి పడకముందే మమ్మల్ని పంపించేయాలని ఎస్సై తొందరపడినాడు. కానిస్టేబులు ఒక కాయితాల కట్ట, ఇంకు డబ్బా తెచ్చి అత్త ముందర పెట్టినాడు. "వేలేసి పోండి. పిలిచినప్పుడు వస్తామని పూచీ కాయితం. అంతే."

అత్త చెయ్యి చాపలేదు. "సదువు," అనింది.

"చెప్పినా గదా, పూచీ అని."

"నువ్వు సెప్పింది ఇన్యా. దాంట్లో ఉండేది సదువు. పైమాట నుంచి కిందిమాట దాకా. సదివినాక అర్థం సెప్పు. సెప్పిన అర్థం తెలుగులో కిందనే రాసి, నువ్వు సంతకం పెట్టు. అప్పుడు సూద్దాం."

"నలభై మూడు మందికీ చదవాలంటే తెల్లారుతుంది!"

"తెల్లారనీ."

కానిస్టేబులు ఆమె ఎడం చెయ్యి పట్టుకోబోయినాడు. అత్త బొటనవేలిని అరచేతిలోకి మడిచి, మిగిలిన నాలుగు వేళ్ళూ దాని మీద గట్టిగా మూసింది. నేను కూడా మూసినాను. గురమ్మవ్వ మూసింది. బొటనవేళ్ళన్నీ లోపలికి పోయినాయి. ఇంకు డబ్బా తెరిచి పెట్టుకొని ఆ కానిస్టేబులు ఎటు చూసినా, స్టేషను నిండా పిడికిళ్ళే.